పెద్దింట్లమ్మ మూగనోము

గిలకలదిండి రేవుకి ఆరింటికి పడవలొస్తే, ఆరుంబావుకల్లా పెద్దింట్లమ్మ గొంతు మా ఇంటిదాకా వచ్చేది. మా ఇల్లు రేవుకి ఇవతల, బందరు వెళ్ళే రోడ్డు వారగా ఉంటుంది. ముందు గదిలో నేను సెల్‌ఫోన్లు బాగుచేస్తాను, వెనక గదిలో పడుకుంటాను. ఆవిడ మొదలెట్టాక ఇక పడుకోవడమన్నది ఉండదు. పదిహేనేళ్ళపాటు రోజూ తిట్టుకుంటూనే లేచాను.

"చందువలు చూడండి బావా, కళ్ళు చూడండి, ఇంకా మనల్నే చూస్తన్నాయి! గుడివాడ బావా, ఏంటా మొహం, పొద్దున్నే అక్క తిట్టిందా? తిట్టదా మరి, నిన్న ఏరి ఏరి ఆ జెల్లలు పట్టుకెళ్తే? రెండు వేలు! రెండువేల రెండొందలు! నేలచూపులు చూస్తే చేపలు రావు, నా మొహం చూడు! ఒకటోసారి..."

ఇదంతా ఒక్క ఊపిరిలో. మధ్యలో గాలి ఎక్కడ పీల్చుకునేదో నాకు ఇప్పటికీ తెలియదు.

రేవు సంగతి తెలియనివాళ్ళకి రెండు ముక్కలు చెప్పాలి. పడవలు తెచ్చిన చేపల్ని షెడ్డులో కుప్పలుగా పోస్తారు. వేలం వేసే మనిషి చెక్కపీట ఎక్కి ధర కేకేస్తుంది. కొనేవాళ్ళు నోరు విప్పరు. గడ్డం ఎగరేస్తే సరేనన్నట్టు, చెయ్యెత్తితే పైమాట పాడినట్టు, అంటే ధర పెంచినట్టు. ఎత్తిన చెయ్యి వెనక్కి తీసుకోవడం లేదు. 'మూడోసారి' అన్నాక ఆ కుప్ప ఆ చేతిదే. ఇంకో కట్టుబాటు కూడా ఉంది. వేలం వేసే మనిషి ఇంటివాళ్ళు ఆ వేలంలో చెయ్యెత్తకూడదు. కుప్ప అడుగున ఏముందో వాళ్ళకి ముందే తెలుసు కదా. ఏ పడవ సరుకు ఏ పీట దగ్గర పొయ్యాలో పడవలవాళ్ళే తేల్చుకుంటారు. మూడొంతుల పడవలు పెద్దింట్లమ్మ పీట దగ్గరే పోసేవి.

ఆవిడది దివిసీమ, పాలకాయతిప్ప దగ్గర. పంతొమ్మిదో ఏట నాంచారయ్యని చేసుకుని ఇటు వచ్చింది. అత్తగారు వేలం వేసేది. ఒకరోజు అత్తగారికి జ్వరమొస్తే, కొత్త కోడలు ఎవరూ పిలవకుండానే పీటెక్కేసిందట. సాయంత్రానికి అత్తగారి జ్వరం తగ్గింది గానీ పీట మాత్రం తిరిగి రాలేదు. అప్పటినుంచి ముప్ఫై ఏళ్ళు. నాంచారయ్య నడుం దెబ్బతినేదాకా వేటకెళ్ళి, తర్వాత ఒడ్డున వలలు బాగుచేసుకుంటూ కూర్చున్నాడు. ఆయన ఒక రోజులో వాడే మాటలు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. "టీ తాగుతావా బావా" అని నేనడిగితే జవాబుగా వచ్చి బెంచీ మీద కూర్చునేవాడు, అంతే. వాళ్ళ కూతురు రమ్య నందివాడలో కాపురం చేసుకుంటోంది. ఇంట్లో ఇక ఉన్నది మాటల గంప ఒకటి, మౌనం ఒకటి.

కిందటి వానాకాలం ఆవిడ గొంతు బొంగురుపోయింది. మిరియాల పాలు తాగింది, కరక్కాయ బుగ్గన పెట్టుకుంది, ఎవరేం చెబితే అది చేసింది. ఒకరోజు 'రెండోసారి' అన్నాక మూడోది బయటికి రాలేదు. గుడివాడ గొంతు డాక్టరు లోపల గొట్టం పెట్టి చూసి, కాయలాంటిది ఉందన్నాడు. ఆపరేషన్ చేసి, కరాఖండిగా చెప్పాడు. ఇరవై ఒక్క రోజులు ఒక్క మాట మాట్లాడకూడదు. గుసగుస కూడా పనికిరాదు, అది ఇంకా చేటు. మాట జారితే ఉన్న గొంతు కూడా పోతుంది.

అదే వారం పడవ యజమానుల పెద్ద గణపతి కబురు పెట్టాడు. రేవులో మూడు పడవలున్న మనిషి, ఆయన మాటే చెల్లుతుంది. "మీ ఇంటి మనిషి ఎవరెక్కినా పీట మీ ఇంటిదే. ఒక్కరోజు ఖాళీగా ఉంటే మాత్రం సత్యవతమ్మకి ఇచ్చేస్తాం" అన్నాడు. సత్యవతమ్మ పక్క పీటావిడ, పదేళ్ళుగా ఈ పీట మీద కన్నేసి ఉంది. రమ్య చంటిపిల్లతో ఉంది. ఇంటి మనుషుల్లో ఇక మిగిలింది ఎవరు?

నాంచారయ్య పీటెక్కిన రోజు నేను కొట్టు తెరవకుండా వెళ్ళి చూశాను. ఎవరు మాత్రం వదులుకుంటారు? ఆయన పీటెక్కి, చేపల్ని చూసి, జనాన్ని చూసి, మళ్ళీ చేపల్ని చూశాడు. చాలాసేపటికి "చేపలు" అన్నాడు. షెడ్డంతా గొల్లుమంది. "ఔనా? మేం కొబ్బరికాయలనుకున్నాం!" అని ఎవరో అరిచారు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. అయినా దిగలేదు.

ఇంట్లో పెద్దింట్లమ్మ పరిస్థితి ఇంతకంటే అన్యాయం. కూర్చోలేదు, నిలబడలేదు. తుడిచిన అరుగే తుడిచింది, తోమిన గిన్నెలే తోమింది. కోపమొస్తే గరిటెతో గిన్నె మీద బాదేది. నాలుగో రోజుకి వీధి వీధంతా ఆ గిన్నె భాష నేర్చుకుంది. ఐదో రోజు నా కొట్టుకొచ్చి, కౌంటరు మీద ఫోను పడేసి, దాన్నీ తన నోటినీ చూపించి, రెండు చేతులూ గాల్లో తిప్పింది. పిచ్చెక్కుతోంది, ఏదైనా చూపించు అని.

నాకో పిచ్చి ఉంది, ఇక్కడే చెప్పెయ్యాలి. తొంభై ఏళ్ళ కిందటి అమెరికా హాస్య సినిమాలు. నలుపూ తెలుపూ. లాక్‌డౌన్‌లో కొట్టు మూసి కూర్చున్నప్పుడు తగులుకుంది. ఆ రకంలో పేరు మోసినవి కొన్ని ఉన్నాయి, వాటిమీద పుస్తకాలు రాస్తారు, నేను వాటి జోలికి ఎక్కువ పోను. అవి పెళ్ళికి ముస్తాబై వచ్చినట్టుంటాయి. నావి ఎవరికీ పట్టనివి, లేచిన మొహంతో, తప్పు కాజాలో గుండీ పెట్టుకుని పరిగెత్తుకొచ్చినట్టుండేవి. యూట్యూబులో ఏ మహానుభావుడో ఎక్కించి మరిచిపోయి ఉంటాడు. మూడొందలసార్లు చూసినట్టు కింద అంకె ఉంటుంది, అందులో నలభై నేనే. కొన్నింటికి మొదట్లో పేర్లు పడే ముక్క కూడా ఊడిపోయింది, ఎవరు తీశారో ఎవరు నటించారో దేవుడికెరుక.

వాటిలో కథ ఒకటే. నోరాగని ఆడమనిషి ఒకతె, కొయ్యలా బిగుసుకున్న పెద్దమనిషి ఒకడు. గంటా ఐదు నిమిషాల్లో ఆవిడ ఆయన టోపీ, ఉద్యోగం, పరువు మూడూ ఊడగొడుతుంది. ఎవరూ కుదురుగా కూర్చోరు. ఒకరి మాట పూర్తికాకుండానే ఇంకొకరు అందుకుంటారు. పెద్ద నటులు కారు కాబట్టి అందం చెడుతుందన్న బెంగ లేదు, రేపు పని ఉంటుందో లేదో అన్నట్టు చేస్తారు. ఆ రోజుల్లో అక్కడ నిజంగానే జనానికి పనుల్లేవట, తిండికి వరసల్లో నిలబడేవారట. అందుకేనేమో ఆ నవ్వులో ఒక కంగారుంటుంది. ఆగితే ఏడుపొస్తుందని పరిగెత్తేవాళ్ళలా కనిపిస్తారు నాకు. నాకు నచ్చేది కూడా అదే. కానీ ఈ ముక్క ఎవరికి చెప్పుకోను? మా ఇంట్లోవాళ్ళు రెండు నిమిషాలు చూసి, "ఏంటా గోల" అని లేచిపోతారు.

పెద్దింట్లమ్మకి ఇంగ్లీషు రాదు. నాదీ అంతంత మాత్రమే. మెమరీ కార్డులో పదకొండు సినిమాలు ఎక్కించి, మొదటిది పెట్టి, పక్కన కూర్చుని తెలుగులో చెప్పబోయాను. ఐదు నిమిషాలకి ఆవిడ చేత్తో నా నోరు మూసింది. ఆవిడకి నా అవసరం లేదు. ముప్ఫై ఏళ్ళు కొనేవాళ్ళ మొహాలు చదివిన మనిషి. తెరమీద వాళ్ళు పోట్లాడుకుంటుంటే అది వేలంలాగే చూసింది. ఆ పిల్ల ఒక మాట వెయ్యగానే పెద్దమనిషి కనుబొమ్మ కదిలితే, వేలు పైకెత్తి చూపించేది, పెంచుతాడు చూడు అని. వాడు కాలరు సర్దుకుంటే పెదవి విరిచేది, వీడి పని అయిపోయింది అని. ఒక్కటి కూడా తప్పు పోలేదు. నలభైసార్లు చూసిన నేను కూడా గమనించనివి ఆవిడ మొదటిసారికే పట్టేసింది. నాకు కాస్త కుళ్ళు పుట్టింది, దాచుకోను. ఆరేళ్ళకి పక్కన కూర్చుని చూసే మనిషి దొరికిందన్న సంతోషం మాత్రం అంతకంటే ఎక్కువ.

పదకొండో రోజున 'టోపీల కొట్టు' చూశాం. పేరు నేను పెట్టిందే, అసలు పేరు ఆ ముక్కతోపాటే పోయింది. టోపీలమ్మే పిల్ల ఒకతె, ఆ కొట్టుకి తాళం వెయ్యడానికొచ్చిన పెద్దమనిషి ఒకడు. మధ్యలో ఆ పిల్లకి పంటినొప్పి వస్తుంది. దవడకి గుడ్డ కట్టుకుంటుంది, మాట్లాడలేదు. బేరాలొస్తాయి. గతిలేక ఆ తాళమేసేవాడే టోపీలు అమ్మాల్సి వస్తుంది. మొదట తడబడి, కళ్ళద్దాలు జారవిడుచుకుని, ఒకావిడ తలమీద టోపీ తిరగేసి పెడతాడు. కాసేపటికి చెయ్యి తిరుగుతుంది. జనం వాడి చుట్టూ మూగుతారు. కొట్టులో గుడ్డతెర వెనకనుంచి ఆ పిల్ల చూస్తుంటుంది. ముందు నవ్వుతుంది, నవ్వి నవ్వి, ఆ నవ్వు మెల్లగా ఆరిపోతుంది. నాలుగు క్షణాలే ఉంటుంది ఆ మొహం.

పెద్దింట్లమ్మ అక్కడ ఆపేసింది. వెనక్కి జరిపి మళ్ళీ చూసింది. ఆరేడుసార్లు చూసింది. నవ్వలేదు. "ఏంటక్కా, ముందుకి పోనివ్వు, అసలు నవ్వు ముందుంది" అన్నాను. ఫోను నా చేతిలో పెట్టి లేచి వెళ్ళిపోయింది. సినిమా నచ్చలేదనుకున్నాను. ఇంత సినిమా పిచ్చి ఉండి, ఎదురుగా ఉన్న మనిషి మొహం చదవలేకపోయాను.

మర్నాడు పొద్దున్నే ఆవిడ షెడ్డుకి వెళ్ళింది. ఆపరేషన్ తర్వాత అటువైపు వెళ్ళడం అదే మొదలు. నేనూ వెనకే వెళ్ళాను. అప్పటికి నాంచారయ్య చాలా మారాడు. అరవడం ఆయనకి రాదు, ఆ సంగతి ఆయనకే తెలుసు. ఒక ధర చెప్పి ఆగుతాడు. చేపని తీసి మొప్ప విప్పి చూపిస్తాడు, ఇంకో ధర చెబుతాడు, మళ్ళీ ఆగుతాడు. ఆ ఆగడం భరించలేక కొనేవాళ్ళే చేతులెత్తేస్తున్నారు. కుప్పల ముందు జనం బాగానే ఉన్నారు. ఎవరూ నవ్వడం లేదు.

కానాగంతల కుప్ప వచ్చింది. ధర పెరిగింది. నాంచారయ్య "ఒకటోసారి" అన్నాడు. "రెండోసారి" అన్నాడు. అప్పుడు జనం మధ్యలోంచి ఒక చెయ్యి లేచింది, నిటారుగా. పెద్దింట్లమ్మది. ఆయన ఆ చెయ్యి చూశాడు, ఆ మొహం చూశాడు, ఎన్నడూ లేనిది ఈసారి ఆగకుండా "మూడోసారి" అనేశాడు.

షెడ్డు ఒక్కసారిగా గోలతో బద్దలైంది. వేలం వేసేవాడి పెళ్ళాం, అదే వేలంలో పాడింది! మాట్లాడకూడని మనిషి మొగుణ్ణి గట్టిగా అరవమని చెయ్యి ఊపిందనీ, అలవాటులో పైమాట అయిపోయిందనీ అందరూ అనుకున్నారు, నేనూ అదే అనుకున్నాను. నవ్వినవాళ్ళు నవ్వారు. సత్యవతమ్మ మాత్రం నవ్వలేదు. తిన్నగా గణపతి దగ్గరికి వెళ్ళి, "కట్టుబాటు అందరికీనా, మాకేనా?" అని అడిగింది. గణపతి ఆదివారం పంచాయితీ అన్నాడు. ఆ కుప్ప పెద్దింట్లమ్మ ఇంటికి చేరింది, మా వీధంతా మూడు రోజులు కానాగంతల పులుసే తిన్నది.

ఆదివారానికి పద్నాలుగో రోజు. నోరు విప్పితే గొంతు పోతుంది, విప్పకపోతే పీట పోతుంది. ఆ రెండు రోజులూ ఆవిడ తిండి తినలేదు. మా కొట్టు ముందు ఎన్నిసార్లు అటూ ఇటూ తిరిగిందో! షెడ్డులో అందరి ముందూ నిలబడి, కొంగు ఉండచుట్టి నోట్లో కుక్కుకుంది. తనమీద తనకే నమ్మకం లేక. సత్యవతమ్మ చెప్పాల్సింది చెబుతుంటే ఆవిడ మెడ నరాలు పొంగడం నేను చూశాను.

గణపతి చెడ్డవాడు కాడు. దారి చూపించాలనే చూశాడు. "ఏమయ్యా నాంచారయ్యా, ఈగని తోలుకుందేమో? కొంగు సర్దుకుందేమో? ఏదో ఒకటి చెప్పు" అన్నాడు.

ఎవరైనా ఏం చేస్తారు? ఈగే అంటారు. నాంచారయ్య తన కాళ్ళవైపు చూసుకుంటూ చెప్పాడు.

"ఈగ కాదండి. పైమాటకెత్తే చెయ్యి ఎట్టా ఉంటదో నాకు తెలుసు. ఎత్తింది, నేను మూడోసారి అన్నాను. కట్టుబాటు తప్పింది మా ఇల్లే. పీట తీసేసుకుంటే తీసేసుకోండి."

నాకు ఒళ్ళు మండింది. పెళ్ళాం నోరు కట్టేసుకుని నిలబడితే, ఉన్న నోటితో ఈయన చెప్పేది ఇదా! పెద్దింట్లమ్మ కళ్ళు నిప్పులు కక్కాయి. కొంగు నోట్లో ఉండబట్టి సరిపోయింది.

అప్పుడు గుడివాడ నుంచి రోజూ వచ్చే వ్యాపారి, ఆవిడ 'గుడివాడ బావా' అని ఏడిపించేవాడు, లేచాడు. "సొంత పెళ్ళానికే ఈగ సాకు చెప్పలేదు. ఇట్టాంటోడు రేపు నన్నేం మోసం చేస్తాడండీ? నేను ఈ పీట దగ్గరే కొంటాను" అన్నాడు. ఇంకో నలుగురు ఔనన్నారు. గణపతి అందరి మొహాలూ చూసి, "సరే, పీట నాంచారయ్యది" అన్నాడు.

పెద్దింట్లమ్మది అనలేదు. ముప్ఫై ఏళ్ళలో ఆ పీటకి ఇంకో పేరు వినడం ఆవిడకి అదే మొదటిసారి. పీట నిలబడింది, తను దిగిపోయింది. కొంగు ఉమ్మేసి ఎవరివంకా చూడకుండా ఇంటికి నడిచింది. తర్వాత ఏడు రోజులూ వాళ్ళింట్లో గిన్నె మోగలేదు. అదే అందరికీ భయమేసింది.

ఇరవై రెండో రోజున వేలం అయ్యాక మొగుడూ పెళ్ళాలిద్దరూ గుడివాడ బస్సెక్కారు. డాక్టరు చూసి, గొంతు మానిందన్నాడట, మాట్లాడొచ్చన్నాడట. "కానీ అరవకూడదమ్మా, ఇంక ఎప్పుడూ. వేలం సంగతి మర్చిపోండి" అన్నాడట. ఈ సంగతి నాంచారయ్య బస్సులోంచే ఫోను చేసి నాకు చెప్పాడు. ఆయన నాకు ఫోను చెయ్యడం అదే మొదలు.

సాయంత్రం వాళ్ళు మా కొట్టు ముందు ఆటో దిగేసరికి సగం వీధి అక్కడే ఉంది. టీ తాగే మిషతో కొందరు, ఫోను చూపించే మిషతో కొందరు. అసలు సంగతి అందరికీ తెలుసు, ఇరవై ఒక్క రోజుల తిట్లు ఇవాళ ఒక్కసారిగా కురుస్తాయని. పాపం నాంచారయ్య అని జాలిపడుతూనే అందరూ ముందు వరసలో నిలబడ్డారు.

"ఒక్క మాట కూడా మాట్లాడలేదు" అన్నాడు నాంచారయ్య నాతో. "డాక్టరు మాట్లాడొచ్చన్నాక కూడా."

పెద్దింట్లమ్మ బెంచీ మీద కూర్చుంది. మంచినీళ్ళు తాగింది. మొగుడివైపు తిరిగింది. బయటికొచ్చిన గొంతు ఆవిడది కాదు. సన్నగా, గరగరగా, పక్కన కూర్చున్నవాడికి మాత్రమే వినపడేంత. జనం ఆగలేక దగ్గరికి జరిగారు.

"ఆ రోజు చెయ్యెత్తింది నువ్వు గట్టిగా అరవాలని కాదు" అంది. "నువ్వు బాగా వేస్తన్నావు. అందరూ నీ మొహమే చూస్తన్నారు. నేను చూళ్ళేకపోయా. చెడగొడదామని ఎత్తా."

నాకు తల తీసేసినట్టయింది, ఆవిడ కోసం కాదు, ఇన్ని రోజులూ గుడ్డిగా ఉన్న నాకోసం.

"తెలుసు" అన్నాడు నాంచారయ్య. "అందుకేగా ఆగకుండా మూడోసారి అనేసింది. ఎత్తినోళ్ళే కుప్ప మోసుకెళ్ళాలి మరి."

ఆయన కొయ్య మొహంలో ఒక మూల నవ్వులాంటిదేదో కదిలింది. ముప్ఫై ఏళ్ళలో అది ఎవరైనా చూశారో లేదో నాకు తెలియదు. ఆవిడకి నవ్వు తన్నుకొచ్చింది, నవ్వు దగ్గయింది, దగ్గుతూనే కళ్ళు తుడుచుకుంది. ఆ కన్నీళ్ళు నవ్వువల్ల వచ్చినవి మాత్రమే కావు, అది చూస్తున్న అందరికీ తెలుస్తూనే ఉంది.

తర్వాత ఆయన చొక్కా పట్టుకుని దగ్గరికి లాక్కుంది. మాకెవరికీ వినపడకూడదని గొంతు ఇంకా తగ్గించింది గానీ, బెంచీకి ఇవతల ఉన్న నాకు వినపడింది.

"పెద్ద కుప్ప ముందు పెట్టబాకు. చిన్నది పెట్టు, రెండోది పెట్టు, కొనలేకపోయినోళ్ళు నలుగురు పోగయ్యాక అప్పుడు పెద్దది దించు. మా అత్తకి కూడా చెప్పలా ఇది."